ఎల్లప్పుడును ఇట్లే యుండెనా?

“ఇది మొదటినుండియు ఇట్లే యున్నది” అను మాట మన గ్రామములలో తరచుగా వినబడును. పెద్దలు దానిని ప్రమాణముగా పలుకుదురు. పిల్లలు ప్రశ్నింపక గ్రహింతురు. అయితే “మొదలు” అనగా ఎప్పుడు? విచారించి చూచితిమేని చాలమందికి అది తాతగారి కాలమును దాటదు. మన పలనాడు జిల్లాయే 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట ముఖ్యపట్టణముగా ఏర్పడినది. ఈ పాఠశాలలోని బాలబాలికలందరును తమ జిల్లాకంటె వయస్సున పెద్దవారే! కావున పై మాటను పరీక్షించి చూతము. సాక్షులకొరకు దూరదేశములకు పోనక్కరలేదు. పలనాటి రాయియు, పలనాటి శాసనమును, పలనాటి భోజనపంక్తియు మనకు చాలును.

మొదటి సాక్షి రాయి. మాచెర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ల ప్రాంతములలో ఎక్కడ త్రవ్వినను సున్నపురాయి కానవచ్చును. మన ముంగిళ్లలో పరచు నాపరాళ్లును ఆ జాతివే. ఎండలకు పేరుపడిన ఈ నేల కోట్లకొలది సంవత్సరములకు పూర్వము లోతు లేని సముద్రపు అడుగుభాగమై యుండెను. ఆ నీటి క్రింద సన్నని సున్నపు బురద పొరమీద పొరగా పేరుకొని, మీది బరువుచే బిగిసి రాయి అయ్యెను. అందుచేతనే అది పలకలుగా విడివడును. ఈ రాతిని పొడిచేసి నిమ్మరసము పిండిన యెడల సన్నని బుడగలు పుట్టును. వానిలోనిది బొగ్గుపులుసు వాయువు. పిడుగురాళ్ల బట్టీలలో సుమారు 900 డిగ్రీల వేడిమికి ఆ వాయువు వెడలిపోయి సున్నము మిగులును. దానిని నీటితో చల్లార్చి గోడలకు పూయుదుము. పిమ్మట జరుగు వింతను చూడుడు: ఆ పూత గాలిలోని బొగ్గుపులుసు వాయువును మరల గ్రహించి, మెల్లమెల్లగా తిరిగి రాయిగా మారును. రాయికంటె స్థిరమైనది లేదందుము. ఆ రాయియే బురదయై, పలకయై, పొడియై, పూతయై, మరల రాయి యగుచున్నది.

రెండవ సాక్షి శాసనము. ఈ సున్నపురాతినే పూర్వకాలపు శిల్పులు అమరావతి, నాగార్జునకొండ శిల్పములకు వాడిరి. లండను నగరమందలి బ్రిటీషు మ్యూజియములో నున్న అమరావతి శిల్పములు ఈ పలనాటి రాతివే. మాచెర్లకు చేరువనున్న నాగార్జునకొండ లోయలో క్రీస్తుశకము మూడు, నాలుగు శతాబ్దములయందు ఇక్ష్వాకు రాజుల రాజధానియగు విజయపురి వెలసియుండెను. 1926వ సంవత్సరమున దాని శిథిలములు బయల్పడెను. అచ్చటి శాసనములు చెప్పునదేమనగా, చాంతమూలుడను రాజు అశ్వమేధయాగము చేసెను. అతని సోదరి చాంతిసిరియో బౌద్ధుల మహాచైత్యమునకు స్తంభములు నిలిపెను. ఒక్క కుటుంబములోనే రెండు మతము లాదరింపబడినవి. బోధిసిరి అను మరియొక స్త్రీ రాణి గాదు, ఉపాసిక మాత్రమే. ఆమె సింహళదేశపు భిక్షువులకొరకు చైత్యగృహము కట్టించి, తన దానములను రాతిపై చెక్కించెను. ఆ శాసనములో కాశ్మీరము, గాంధారము, చీనా మొదలగు దేశముల పేర్లు గలవు. “ఆడపిల్లకు పదవ తరగతి చాలును, మన యింట ఇంత చదువెవ్వరు చదివిరి?” అను తలిదండ్రులు ఈ పదునేడు వందల యేండ్లనాటి స్త్రీలను తలపోయుదురు గాక. 1955 డిశంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. పిమ్మట ఆ లోయ మునుగగా, కొన్ని కట్టడములను కొండపైకిని అనుపునకును చేర్చి నిలిపిరి. సముద్రము విడిచిన నేలపై వెలసిన నగరమును మరల నీరే కప్పినది!

మూడవ సాక్షి భోజనపంక్తి. పండ్రెండవ శతాబ్దపు పలనాటి వీరుల కథను ఎరుగనివారు మనలో లేరు. గురజాల పక్షమున నాగమ్మ మంత్రిత్వము నడపెను. మాచెర్ల పక్షమున బ్రహ్మనాయుడు మంత్రి. ఆ బ్రహ్మనాయుడు సకల కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి అన్నము పెట్టించెననియు, మాలవాడైన కన్నమదాసును కుమారునిగా స్వీకరించి సేనాపతిని చేసెననియు కథ చెప్పుచున్నది. దానినే చాపకూడు అందురు. కారెంపూడిలో నాగులేటి యొడ్డున కార్తీక అమావాస్యకు ఆరంభమై ఐదు దినములు జరుగు వీరుల ఉత్సవములో నేటికిని చాపకూడు పెట్టుదురు. అయినను, ఉత్సవమునందు ఆ అన్నమును కన్నులకద్దుకొనువారే ఇంటికి వచ్చి, పొరుగు పల్లెవాని ప్రక్కను విస్తరి వేసికొనుటకు వెనుదీయుదురు. “అది మా పూర్వాచారము గాదు” అందురు. పలనాటి పూర్వాచారము ఏదియో కారెంపూడి చెప్పుచునే యున్నది.

మనుష్యుల మనస్సు ఏల ఇట్లు మోసపోవును? అమెరికా దేశపు మనశ్శాస్త్రవేత్త రాబర్టు జాయన్స్ 1968లో ప్రకటించిన పరిశోధనలో, అర్థము తెలియని మాటలను, గుర్తులను మనుష్యులకు పలుమారు చూపెను. ఎక్కువమారులు చూచినవే వారికి మంచివిగా తోచెను. అట్లే మనము పుట్టినది మొదలు చూచినదానిని మంచిదనియు, సృష్టిక్రమమనియు భావింతుము. అపొస్తలుడైన పేతురునకును ఈ చిక్కు కలిగెను. అన్యుడైన కొర్నేలీ గడప త్రొక్కుటకు ముందు, ఏ మనుష్యుని అపవిత్రుడని యెంచరాదను పాఠమును అతడు దేవునియొద్ద నేర్చుకొనవలసి వచ్చెను.

అయితే పాతదానినెల్ల పారవేయుడని మా భావము గాదు. చాపకూడు పాతదే; సోదరులను యుద్ధమునకీడ్చిన కోడిపందెమును పాతదే. ఒకటి ఆకలి తీర్చెను, ఒకటి ఊళ్లను కూల్చెను. కావున ఆచారమును దాని వయస్సునుబట్టి గాక, ఫలమునుబట్టి తూచవలెను.

బాలబాలికలారా, ఇకమీదట ఎవరైన “ఇది ఎల్లప్పుడును ఇట్లే యుండెను” అనినపుడు, పెద్దలయెడల వినయము తప్పక, “ఎప్పటినుండి?” అని యడుగుడు. తలిదండ్రులారా, ఆ ప్రశ్న విని కోపింపకుడు. మీ కుమార్తె పై తరగతికి పోవుటయో, మీ కుమారుడు తన స్నేహితుని ప్రక్కను కూర్చుండి భుజించుటయో మీ ప్రత్యుత్తరముపై ఆధారపడియుండవచ్చును.