తేలిక కాంక్రీటు గోడపలకలు

పల్లెలోని పెంకుటింట గోడ కప్పును మోస్తుంది. బహుళ అంతస్తుల భవనంలో ఆ పని స్తంభాలది, దూలాలది. అక్కడ బయటి గోడ ఎండ, వాన, గాలుల నుండి కాపాడే వస్త్రం వంటిది. ఈ వస్త్రాన్ని కర్మాగారంలో పలకలుగా పోతపోసి, గట్టిపడిన పిదప లారీలపై తెచ్చి, క్రేనుతో ఎత్తి, భవనపు చట్రానికి బిగించే పద్ధతి నేడు అనేక దేశాలలో వాడుకలో ఉన్నది.

ఇందులో ప్రధాన సమస్య బరువు. సాధారణ కాంక్రీటు ఘనమీటరు సుమారు 2,400 కిలోగ్రాములు తూగుతుంది. 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు, 15 సెంటీమీటర్ల మందం గల ఒక్క పలకే దాదాపు 6,500 కిలోగ్రాములు. దీనిని మొదట క్రేను, తరువాత దూలం, స్తంభం, చివరకు పునాది మోయాలి. భూకంప సమయంలో ఈ భారం మరింత ప్రమాదకరం. బలం ద్రవ్యరాశి, త్వరణాల లబ్ధమని న్యూటన్ సూత్రం. భవనం ఒకే తీరున ఊగినా బరువైన పలక తన బిగింపులను ఎక్కువ బలంతో లాగుతుంది. 1987 అక్టోబరు 1న లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో వచ్చిన విటియర్ నారోస్ భూకంపంలో, కార్లు నిలిపే భవనం నుండి ఊడిపడిన కాంక్రీటు పలక కింద ఒక విద్యార్థిని మరణించింది.

బరువు తగ్గించడానికి ముఖ్యంగా మూడు మార్గాలున్నాయి.

మొదటిది కంకరను మార్చడం. బట్టీలో అతిగా కాలిన ఇటుకలు ఉబ్బి గుల్లబారడాన్ని గమనించిన అమెరికా దేశస్థుడు స్టీఫెన్ హేడ్, షేలు అనే పొరల రాయిని కాల్చి గుల్లకంకర చేసే పద్ధతికి 1918లో పేటెంటు పొందాడు. ఇటువంటి కంకరతో కాంక్రీటు సాంద్రత సుమారు 1,800కు దిగుతుంది. పైన చెప్పిన పలకలో 1,600 కిలోగ్రాములు తగ్గుతాయి. గుల్లకంకర కాంక్రీటుతో నిర్మించిన సెల్మా నౌక 1919లో జలప్రవేశం చేసింది. టెక్సాస్‌లోని గాల్వెస్టన్ వద్ద దాని శిథిలం నేటికీ కనిపిస్తుంది.

రెండవది కాంక్రీటును పొంగించడం. ఈ విధానానికి ఆద్యుడు స్వీడన్ వాస్తుశిల్పి యోహాన్ ఆక్సెల్ ఎరిక్సన్. సున్నం, సిమెంటు, మెత్తని ఇసుక కలిపిన ముద్దలో కొద్దిపాటి అల్యూమినియం పొడి వేస్తే హైడ్రోజన్ బుడగలు పుట్టి, ముద్ద పులిసిన ఇడ్లీపిండి వలె పొంగుతుంది. దానిని కోసి, అధిక పీడనంలో ఆవిరిపై ఉడికిస్తారు. సాంద్రత సాధారణంగా 400 నుండి 800 వరకు ఉంటుంది. గాలిగదుల వల్ల వేడి త్వరగా లోపలికి రాదు. అయితే ఇది నీరు పీలుస్తుంది కనుక పైపూత, లోపలి ఉక్కు చువ్వలకు తుప్పు నుండి రక్షణ అవసరం.

మూడవది పలకను పలుచన చేయడం. సిమెంటు ముద్దలో గాజుపోగులు కలిపితే 12 మిల్లీమీటర్ల పొర కూడా చాలును. మామూలు గాజును సిమెంటులోని క్షారం తినివేస్తుంది కాబట్టి జిర్కోనియా కలిపిన గాజును వాడతారు. ఈ పొర వెనుక ఉక్కు చట్రం ఉంటుంది. 2012లో ప్రారంభమైన బాకూ నగరపు హైదర్ అలియెవ్ భవనానికి వంపులు తిరిగిన ఇటువంటి పలకలను కూడా తొడిగారు.

పలక ఎంత తేలికైనా బిగింపు సరిగా లేకపోతే ప్రయోజనం శూన్యం. ఒక అంచున బరువు ఆనే ఆధారం, మరొక అంచున భవనపు ఊపుకు కొంత జరగనిచ్చే బిగింపు ఉండాలి. అన్ని మూలలనూ కదలకుండా బంధిస్తే చట్రం ఒరిగినప్పుడు పలక పగులుతుంది లేదా బోల్టు తెగుతుంది. పలకల నడుమ సందులను సాగే పదార్థంతో మూసి, కాలానుగుణంగా పరీక్షించాలి. దారిన పోయేవారి క్షేమం, కంటికి కనిపించని ఆ బోల్టుల మీదనే ఆధారపడి ఉన్నది.