కొండ లేని ఊళ్లో కొండ సైకిలు

పదేళ్లు దాటిన పిల్లలు ఇప్పుడు మామూలు సైకిలు అడగడం లేదు. లావు టైర్లు, ముందు స్ప్రింగులు, ఏడో ఇరవయ్యొకటో గేర్లు, చట్రం మీద ‘మౌంటెన్ బైక్’ అన్న స్టిక్కరు ఉండాలి. తణుకులోనో అమలాపురంలోనో అది కొని ఇంటికి తెచ్చాక తండ్రికి అనుమానం వస్తుంది: ఇక్కడ కొండేదండీ? డెల్టాలో ఎత్తు అంటే వంతెన, అది కాకపోతే గట్టు. నెల తిరిగేసరికి ఆ సైకిలు ట్యూషనుకు వెళ్లి రావడానికి తప్ప దేనికీ పనికిరాకుండా పోతుంది.

కొండ లేదని బెంగ పడకండి. పిల్లలకు కావలసింది లారీ హారను వినపడని మట్టి దారి. అది మన దగ్గర కావలసినంత ఉంది.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాటన్ దొర కాలంలో తవ్విన కాలవలు పొలాలు తడపడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. గాలి లేనప్పుడు పడవకు తాడు కట్టి, మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవారు. పడవ సాఫీగా సాగాలంటే నీటి వాలు బాగా తక్కువ ఉండాలి. అందుకని నేల ఎత్తులో వచ్చే తేడానంతా లాకుల దగ్గర మెట్టులా దింపేశారు. పిల్లల సైకిలుకు ఇంతకంటే అనువైన దారి ఎవరు వేస్తారు? లాకు నుంచి లాకుదాకా ఎక్కుడూ దిగుడూ దాదాపు ఉండదు, లాకు దగ్గర మాత్రం చిన్న వాలు. ఇంగ్లండులో పడవలు లాగిన పాత కాలవ గట్ల మీద ఇప్పుడు కుటుంబాలు సైకిళ్లు తొక్కుకుంటున్నాయి. మనం అదే గట్టు మీద మోటారు సైకిలుతో దూసుకుపోతున్నాం.

అయితే ప్రతి గట్టూ పనికిరాదు. రాజమండ్రి నుంచి సామర్లకోట వైపు పోయే కెనాల్ రోడ్డు మీదకు పిల్లలను దించకండి. అది పేరుకే కాలవ పక్కది, బస్సులూ లారీలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోయే రోడ్డు. పదేళ్ల పిల్లవాడికి ఎదురొచ్చే బండి వేగం అంచనా అందదు, ఎంత తెలివైనవాడైనా సరే. తారు వేయని చిన్న కాలవ గట్టు చూసుకోండి, మధ్యలో గడ్డి, రెండు పక్కలా ట్రాక్టరు చక్రాల జాడ ఉన్నది. ఏటిగట్లు ఇంకా వెడల్పుగా ఉంటాయి గానీ, వరద రోజుల్లో అటు పోకూడదు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ మాట వార్తల్లో వినపడిందంటే నీరు పూర్తిగా తీసేదాకా సైకిలు ఇంట్లోనే. ఇక ఏ గట్టు అనుకున్నా, ముందు ఆదివారం మీరొక్కరే వెళ్లి చూసి రండి. ఎక్కడ గండి పూడ్చారో, ఏ ఇంటి కుక్క మీదకొస్తుందో, ఎక్కడ నీడ ఉందో తెలుస్తుంది.

భయపడాల్సింది సైకిలు మీంచి పడటానికి కాదు. మోకాలు చీరుకుపోతే వారంలో మానుతుంది. నీరు మాత్రం అలా కాదు. కాలవ నిండుగా పారుతున్నప్పుడు పైకి నిశ్చలంగా కనపడుతుంది, అడుగున లాగుతూ ఉంటుంది. లాకుల దగ్గరా తూముల దగ్గరా మరీను. అందుకే నేనైతే గేర్ల సైకిలు కన్నా ముందు ఈత నేర్పించమంటాను. మీరు పిల్లల ముందు కాక వెనక తొక్కండి. దారి వెడల్పుగా ఉంటే నీటి వైపు మీరు, పొలం వైపు వాళ్లు. లాకు కనపడగానే అందరూ దిగి నడవాలి, ఇందులో బేరం లేదు. ఇంకో మాట ఇంటి దగ్గరే చెప్పి ఒప్పించండి: నీళ్లలో ఏది పడినా, టోపీ అయినా చెప్పు అయినా, ఆఖరికి పన్నెండు వేలు పోసి కొన్న సైకిలే అయినా, దాని వెనక దిగకూడదు. ‘సైకిలు పోతే నాన్న కొడతాడు’ అన్న భయం పిల్లవాడి మనసులో ఉంటే మాత్రం ఈ మాట పని చెయ్యదు. ఆ భయం ముందు మీరే తీసెయ్యాలి.

కాలం సంగతి. సార్వా కోతలు అయ్యాక డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి రోజులు. ధనుర్మాసంలో పొద్దున్నే మంచు కమ్మేస్తుంది కదా, అది విడేదాకా ఆగి, టిఫిను తిని బయల్దేరండి. వేసవిలో కాలవలు కట్టేశాక నీటి భయం తగ్గుతుంది గానీ, ఆ ఎండకు తెల్లవారుజామున తప్ప వీలు కాదు. వాన పడిన మర్నాడు మన బంకమట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య కూరుకుపోయి చక్రాన్ని తిరగనివ్వదు, సైకిలును మీరే భుజాన మోసుకురావాలి. ఎండిన గట్టు మీద పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు. ప్యాచీలు, సొల్యూషను, చిన్న పంపు సంచీలో ఉండి తీరాలి. కోతల రోజుల్లో రైతులు ధాన్యం ఆరబోసి ఉంటారు. దిగి, పక్కనుంచి నడిపించుకు వెళ్లడం పిల్లలకు నేర్పండి, గింజ తొక్కనివ్వకండి.

సైకిలు ఇంకా కొనకపోతే ఒక్క మాట వినండి. ముందూ వెనకా స్ప్రింగులున్న చవక సైకిలు చూడటానికి బాగుంటుంది, బరువు మాత్రం పిల్లవాడి బరువులో సగం. ఎదుగుతాడు కదా అని పెద్ద సైజూ కొనకండి. సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ల వేళ్లూ నేలకు ఆనాలి, బ్రేకు పిడి వేళ్లకు అందాలి. అసలు ఈ కొండ సైకిళ్ల కథలో బ్రేకుదే పెద్ద పాత్ర. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్ల మీద కొండ దిగే పందెం పెట్టుకున్నారు. కిందికి వచ్చేసరికి వెనక బ్రేకు వేడెక్కి అందులో గ్రీజు కాలిపోయేది, మళ్లీ కూరుకోవాలి. ఆ కూరడం మీదే పందేనికి ‘రీప్యాక్’ అని పేరొచ్చింది. మన గట్టు మీద గ్రీజు కాలదు గానీ, గట్టు దిగేటప్పుడు ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే పిల్లవాడు హ్యాండిలు మీంచి ముందుకు పడతాడు. రెండూ కలిపి, మెల్లగా నొక్కడం ఇంటి ముందు వీధిలోనే అలవాటు చెయ్యండి.

దూరం లెక్క పెట్టకండి. ఫోనులో కిలోమీటర్లు చూసి చెప్పే నాన్నలు ఈ మధ్య ఎక్కువయ్యారు. పిల్లలు ఆగుతారు. నీటికోడిని చూసి ఆగుతారు, లాకు తలుపు చక్రం ఎలా తిరుగుతుందో చూడ్డానికి ఆగుతారు, ఏమీ లేకుండానూ ఆగుతారు. ఆగనివ్వండి. ఇంకొకటి, పన్నెండేళ్లు రాగానే ఆడపిల్ల సైకిలును అటకెక్కించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ‘బడికొస్తా’ పథకం కింద సర్కారు బడి ఆడపిల్లలకు ప్రభుత్వమే సైకిళ్లు ఇచ్చింది, మనింటి పిల్లకు ఆదివారం గట్టు మీద గంట ఇవ్వలేమా?

అడవి చూపించాలనుంటే కాకినాడ దగ్గర కోరింగ ఉంది. 1978లో అభయారణ్యం చేశారు, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, చాలా మటుకు మడ అడవి. కాకినాడ–యానాం రహదారి మీద పిల్లలతో సైకిలు తొక్కుతూ వెళ్లవద్దు, బండిలోనో బస్సులోనో వెళ్లండి. లోపల చెక్క వంతెన మీద నడకే. ఇంత దూరం వచ్చి సైకిలు లేకుండానా అని వాళ్లు మూతి ముడుచుకుంటే ముడుచుకోనివ్వండి. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన మడ వేళ్లను చూపించి, ఉప్పు బురదలో గాలి అందక చెట్టు ఇలా ఊపిరి తీసుకుంటుందని చెప్పండి. ఆ బురద మీద గెంతే చేపలుంటాయి, మన ఊరి చెరువులో కనపడనివి. బావురు పిల్లి, నీటికుక్క కూడా అక్కడివే గానీ, బావురు పిల్లి రాత్రి తిరిగే జంతువు, కనపడుతుందని ఆశ పెట్టకండి. తిల్ల చెట్టు ఆకు తుంచనివ్వవద్దు, ఆ పాలు కళ్లలో పడితే మంట.

ఇవన్నీ అయ్యాక వాడే అడుగుతాడు, నిజం కొండ ఎప్పుడని. మారేడుమిల్లి ఉంది, కానీ ఆ ఘాట్ రోడ్డు మలుపులు పిల్లల సైకిలుకు కావు. పద్నాలుగు పదిహేనేళ్లు వచ్చాక, అటవీ శాఖ వాళ్లను అడిగి, వాళ్లు సరేనన్న మట్టి బాటలోనే, తోడు మనిషితో. ఈలోగా గట్టు నుంచి రాగానే గొలుసు తుడిచి నూనె వెయ్యడం వాడికే అప్పగించండి. మొదటి రెండుసార్లు చొక్కాకు మసి అంటుతుంది, వాళ్లమ్మను ముందే సముదాయించి ఉంచుకోండి.