మెదడు పనిచేసే చోటికే రక్తం

పరీక్షల రోజుల్లో తల్లులు మమ్మల్ని తరచుగా అడిగే మాట ఒకటుంది. "సిస్టర్ గారూ, పిల్లవాడు రాత్రంతా చదువుతున్నాడు, మెదడుకు బలం రావడానికి టానిక్ ఏదైనా రాయించండి" అని. తల్లి ఆందోళన సహజమే గాని, లెక్క వేరుగా ఉంది.

మెదడు బరువు మన శరీరం బరువులో 2 శాతమే. కాని విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వాడే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం అదే తీసుకుంటుంది. నిమిషానికి దాదాపు 750 మి.లీ. రక్తం దానికి అందాలి. 1955లో అమెరికాలో సోకొలాఫ్, కెటీ మొదలైన శాస్త్రవేత్తలు మనుషుల చేత నోటిలెక్కలు చేయిస్తూ పరీక్షించారు. మెదడు మొత్తం మీద రక్త ప్రవాహంలో గాని, ఆక్సిజన్ వాడకంలో గాని చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కనుక పిల్లవాడికి వేళకు అన్నం, నిద్ర ముఖ్యం.

అయితే మార్పే లేదా? ఉంది, పని జరిగే చోట. చదివేటప్పుడు చూపుకు సంబంధించిన వెనుక భాగంలో, వేళ్లు కదిపినప్పుడు ఆ కదలికను నడిపే భాగంలో సన్నని రక్తనాళాలు కొద్ది సెకన్లలోనే వెడల్పవుతాయి. రైతు ఏ మడికి నీరు కావాలో ఆ మడికే గట్టు తెంపినట్లన్నమాట. 1988లో ఫాక్స్, రైకల్ బృందం చూపు భాగంలో కొలిచినప్పుడు రక్తం, గ్లూకోజ్ వాడకం దాదాపు 50 శాతం చొప్పున పెరిగాయి, ఆక్సిజన్ వాడకం మాత్రం 5 శాతమే పెరిగింది. అలా మిగిలిపోయిన ఆక్సిజన్ వల్లనే ఎం.ఆర్.ఐ. యంత్రం పనిచేస్తున్న భాగాన్ని గుర్తించగలుగుతోంది.

ఇంత ఖర్చు పెట్టే మెదడు తనకంటూ దాచుకునేది మాత్రం చాలా తక్కువ. వార్డులో మాకు భయం కలిగించేది ఇదే. ఒక రాత్రి ఒక పెద్దాయనను కొడుకులు తీసుకువచ్చారు. మాట తడబడుతోంది, చెమటలు పట్టాయి. తాగాడని దారంతా తిట్టుకుంటూ వచ్చారట. చక్కెర చూస్తే 38! షుగర్ మాత్ర వేసుకుని భోజనం మానేశాడు. నరానికి గ్లూకోజ్ ఇచ్చిన కొద్ది నిమిషాలకు కళ్లు తెరిచి, కొడుకులను పేరుపెట్టి పిలిచాడు. మాత్ర ప్రభావం వల్ల చక్కెర మళ్లీ పడిపోవచ్చు గనుక ఆ రాత్రి ఇంటికి పంపలేదు. షుగరు మందు వాడేవారికి చక్కెర 70 కంటే తగ్గితే, తెలివిలో ఉండి మింగగలిగితే, వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఫిట్స్‌లో మెదడు కణాలు ఒక్కసారిగా ఉద్రేకించి, గ్లూకోజ్, ఆక్సిజన్ అవసరం బాగా పెరుగుతుంది. మొదట రక్తం కూడా పెరిగి ఆదుకుంటుంది. ఆగకుండా సాగితే ఆ సరఫరా చాలక కణాలు దెబ్బతింటాయి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. నోట్లో చెంచా పెడితే పళ్లు విరుగుతాయి. దగ్గరలో ఉన్న గట్టి వస్తువులు తీసివేసి, కుదుపులు తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ముందుగా గడియారం చూడండి: 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. ఫిట్స్ ఎప్పుడు మొదలైందో చెప్పగలిగితే డ్యూటీ డాక్టరు గారికి ఎంతో ఉపయోగం.