లోహశోధక యంత్రము: క్రొత్తదానిని పరీక్షించుట, విద్యుత్ లోపములను సవరించుట

ఎద్దు అడుగు వేయకున్నచో తెలివిగల రైతు వెంటనే ములుకోల నెత్తడు. అది మేసినదా, నీరు త్రాగినదా, కాడి మెడను ఒరయుచున్నదా యని ముందుగా చూచును. యంత్రముల విషయమునను ఇదియే సరియైన క్రమము. సంఘము సొమ్ముతో గాని, సొంత సొమ్ముతో గాని లోహశోధక యంత్రమును, అనగా మెటల్ డిటెక్టరును కొన్నవారు దాని నెట్లు పరీక్షింపవలెనో, అది పలుకనప్పుడు లోప మెచ్చట వెదకవలెనో ఈ పాఠమున తెలిపెదము.

రైతున కీ యంత్ర మెందుకు?

ఇండ్లు కట్టునప్పుడు వాడిన బైండింగు తీగ, విరిగిన మేకులు, కంచెతీగ ముక్కలు కళ్లములలోనికిని, అచ్చటినుండి గడ్డివాములలోనికిని చేరుచుండును. పశువు మేతను బాగుగ నమలక మ్రింగి, పిమ్మట నెమరువేయును. కావున తీగముక్క దాని నాలుకకు తెలియకయే లోనికి పోవును. అట్లు పోయినది తేనెపట్టు వంటి పొర గల రెండవ పొట్టలో నిలుచును. ఆ పొట్టకును గుండెకును ఎక్కువ ఎడము లేదు. పొట్ట ముడుచుకొనునప్పుడు మొనగల తీగ దానిని చీల్చుకొని ముందుకు జరిగి, కొన్నిసార్లు గుండెపొరను గూడ గ్రుచ్చును. అప్పుడు పాడిపశువు మేత మానును, పాలు తగ్గించును, వీపు వంచి నిలుచును. వ్యాధి ముదిరిన పిమ్మట దానిని దక్కించుకొనుట కష్టము. ఇదిగాక, అట్టి మేకే చొప్ప నరకు యంత్రమున పడినచో కత్తి విరుగును, పనివారికిని ప్రమాదము.

మౌనము సాక్ష్యము కాదు

ఈ యంత్రపు అడుగున నుండు తీగచుట్టలో దిశ మారుచుండు విద్యుత్తు ప్రవహించి, చుట్టును అయస్కాంత క్షేత్రమును కల్పించును. సమీపమున లోహమున్నచో అందు చిన్న సుడి ప్రవాహములు పుట్టును. ఆ మార్పును గ్రహించి యంత్రము ధ్వని చేయును. ఇంత పనికిని బలము బ్యాటరీనుండియే రావలెను. బలము క్షీణించినచో యంత్రము మిక్కిలి దగ్గరి లోహమును మాత్రమే తెలుపవచ్చును. లేదా ఏమియు పలుకకపోవచ్చును. ఆ మౌనమును నమ్మి, గడ్డి శుభ్రముగ నున్నదని పశువు ముందు వేసినచో, యంత్రము లేకుండుటయే మేలు. అది లేనప్పుడు రైతు గడ్డిని చేతితో విదిలించి చూచియుండెడివాడు గదా!

పరీక్షించు విధము

1881 జూలై 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు తుపాకి దెబ్బ తినెను. టెలిఫోనును నిర్మించిన గ్రాహం బెల్ ఇట్టి పరికరము నొకదానిని సిద్ధపరచి, ఆయన శరీరమున నున్న గుండును వెదకెను. ముందు జరిపిన పరీక్షలలో చక్కగా పలికిన పరికరము రోగి శయ్యయొద్ద స్పష్టముగ తెలుపలేకపోయెను. పరుపులో ఉక్కు తీగచుట్టలుండెను. పైగా గుండు కుడివైపున నున్నదని వైద్యులు తలంచుటచే ఆ వైపుననే వెదకిరి. అది ఎడమవైపున నుండెను. సెప్టెంబరు 19వ తేదీన అధ్యక్షుడు మరణించెను. పరిసరములందలి లోహమును తొలగింపనిదే పరీక్ష చెల్లదనియు, అన్ని వైపులను వెదకవలెననియు మన మిందువలన గ్రహింపవలెను.

కావున ఇనుప మంచము, రేకుల పాక, విద్యుత్ తీగలు, మోటారు స్టార్టరు వీనికి దూరముగ నిలిచి పరీక్షింపవలెను. ఉంగరములు, గాజులు, సెల్ ఫోను తీసి యెడముగ నుంచవలెను. పిమ్మట చుట్టను గాలిలో నిలిపి, దాని యెదుట ఒక మేకును అటునిటు కదలింపవలెను. అనేక యంత్రములు కదలిక యున్నప్పుడే పలుకును. ధ్వని రానిచో ఇనుమును విడిచిపెట్టు అమరిక వేసియున్నదేమో చూడవలెను. నాణెములు వెదకువారికొరకు చేసిన యంత్రములలో ఈ అమరిక యుండును. మనము వెదకునది ఇనుమే గనుక దానిని తప్పక తీసివేయవలెను.

క్రొత్త బ్యాటరీలతో మేకు ఎంత దూరమున పలికినదో, సన్నని తీగముక్క ఎంత దూరమున పలికినదో జానలలోను బెత్తెలలోను కొలిచి పుస్తకమున వ్రాసికొనవలెను. తీగముక్క మిక్కిలి దగ్గరకు వచ్చినగాని పలుకదు. అందుచే వామిని వెలుపలనుండి పరీక్షించుట వ్యర్థము. గడ్డిని పలుచగ పరచియే చూడవలెను.

విద్యుత్ లోపములు

యంత్రము పలుకనిచో ఈ క్రమమున చూడుడు.

1. సెల్లులు కూర్చిన దిక్కు: ప్రతి సెల్లునకు బొడిపె గల కొన ధనము, చదునైన కొన ఋణము. ఒక్కటి తలక్రిందులైనను యంత్రము సరిగా పనిచేయదు.

2. సెల్లుల రకము: సాధారణమైన ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టులు, తిరిగి నింపుకొను నికెల్ సెల్లు 1.2 వోల్టులు. ఎనిమిదింటిని వరుసగ కూర్చిన యంత్రమున మొదటి రకముచే 12 వోల్టులు, రెండవ రకముచే 9.6 వోల్టులు వచ్చును. ఏ రకము పనికివచ్చునో యంత్రముతో ఇచ్చిన పుస్తకమున చూడవలెను. పాతవానిని క్రొత్తవానితో కలుపరాదు. బలహీనమైన జతగాడు కాడి నంతయు ఈడ్చినట్లు, ఒక్క నీరసపు సెల్లు తక్కినవాని బలమును చెరచును.

3. కొలుచుట: మోటారు బాగుచేయువారియొద్ద మల్టీమీటరు దొరకును. ఊరకున్న సెల్లు మంచి కొలతయే చూపి, పని పడగానే క్రుంగిపోవచ్చును. కట్టివేసినప్పుడు బలిసి కనబడు ఎద్దు బండి కట్టగానే తెలియును గదా. కావున యంత్రమును పలికించుచునే కొలువవలెను.

4. స్పర్శ: సెల్లులు ఆను రేకులపైనను స్ప్రింగులపైనను తెల్లని బూజు వంటిది కనబడినచో, అది ఆల్కలైన్ సెల్లు కారుటచే ఏర్పడినది. చేతికిని కంటికిని తగులనీయక, పుల్లకు గుడ్డ చుట్టి, వెనిగరులో గాని నిమ్మరసములో గాని కొంచెము తడిపి తుడిచి, పూర్తిగ ఆరనీయవలెను.

5. తీగలు: సెల్లుల పెట్టెను మెల్లగ కదలించినప్పుడు యంత్రము ఆగుచు, పలుకుచు నున్నచో స్ప్రింగు వదులైనది, లేదా తీగ తొడుగులోపల తెగినది.

కొన్ని గురుతులను జ్ఞాపకముంచుకొనుడు. దీపమే వెలుగనిచో ముందుగా బ్యాటరీని, స్పర్శను అనుమానింపవలెను. దీపము వెలిగి ధ్వని రానిచో ధ్వని మీటను, చెవిగొట్టముల మొనను చూడవలెను. గట్టి ధ్వని వచ్చినప్పుడెల్ల యంత్రము ఆగిపోవుచున్నచో సెల్లులు నీరసించినవని ఎంచవచ్చును. ఎడతెగక మ్రోగుచున్నచో సున్నితత్వమును తగ్గించి, చుట్టకు పోవు తీగను కఱ్ఱకు బిగువుగ చుట్టవలెను. ఇవన్నియు చేసినను పలుకనిచో యంత్రమును విప్పక, రసీదుతో గడువులోపల అమ్మినవారికి తిరిగి పంపవలెను. విప్పినచో హామీ చెల్లకపోవచ్చును.

రెండు హెచ్చరికలు

యంత్రము పశువు పొట్టలో ఇనుమున్నదని తెలుపవచ్చును గాని, అది గ్రుచ్చుకొన్నదో లేదో తెలుపదు. ఆ నిర్ణయము పశువైద్యునిదే. గుప్తనిధుల ఆశతో ఈ యంత్రమును ఎరువిమ్మని యడుగువారును వత్తురు. 1878 నాటి నిక్షేప చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరికినవారు కలెక్టరునకు వ్రాతమూలకముగ తెలుపవలెను. సంఘపు పరికరమును అట్టి పనులకు ఇయ్యరాదు.

తుదిమాట

యంత్రముతో ఒక మేకును దారమునకు కట్టి యుంచుడు. గడ్డిని చూచుటకు ముందొకసారి, చూచిన పిమ్మట నొకసారి ఆ మేకుపై పలికించుడు. రెండుసార్లును వెనుకటి దూరముననే పలికిననే ఆనాటి పరీక్ష చెల్లును. రెండవసారి పలుకకున్నచో సెల్లులు మార్చి, గడ్డిని మరల చూడుడు. పని ముగిసిన పిమ్మట సెల్లులు తీసివేసి, యంత్రమును పొడిచోట నుంచుడు. ఈ కొద్ది శ్రమకు వెనుదీయనివాని కొట్టమున పశువు క్షేమముగ నుండును.