పాత పికప్ బండికి క్రొత్త థ్రాటిల్ కడ్డీల నమర్చు విధము

విద్యార్థులారా,

మీట, ఆధారము, బలము అను మాటలను మీరు ప్రకృతిశాస్త్ర పాఠములలో నేర్చుకొనియున్నారు. అవి యొక పాత మోటారుబండిలో నెట్లు పనిచేయునో, అందొక చిన్న కీలు అరిగినచో నెట్టి యపాయము కలుగునో ఈ పాఠమున తెలిసికొందము.

ఉదాహరణమునకు అమెరికా దేశపు ఫోర్డు కంపెనీవారి 'మోడల్ ఎ' పికప్ బండిని తీసికొందము. ఇది 1928 మొదలు 1931 వరకు గల నమూనా. దీని యంత్రమునకు నాలుగు సిలిండర్లు కలవు. శక్తి 40 గుఱ్ఱముల బలము. ఈ బండ్లను ప్రీతితో కాపాడుకొనువారు నేటికిని ఆ దేశమున ననేకులు గలరు. వారికొఱకు క్రొత్త భాగములును తయారగుచున్నవి.

థ్రాటిల్ అనగా నేమి?

కాలితో పెడల్ నొక్కినచో యంత్రములో పెట్రోలు పోయబడునని పలువురు తలతురు. అది సరికాదు. కార్బురేటరు గొట్టములో నాణెమువలె గుండ్రనైన పలుచని రేకొకటి చిన్న యిరుసుపై తిరుగుచుండును. ఇదియే థ్రాటిల్ రేకు. కాలువ తూమునకు తలుపెట్టిదో, సిలిండర్లలోనికి పోవు గాలికి ఈ రేకు అట్టిది. రేకు అడ్డముగ నిలిచినపుడు గాలి కొంచెముగ పోవును; యంత్రము మెల్లగ తిరుగును. రేకు గాలి పోవు దిక్కునకు తిరిగినపుడు గాలి విస్తారముగ పోవుచు, తగిన పెట్రోలును తనవెంట గొనిపోవును; అపుడు యంత్రము పూర్ణశక్తితో పనిచేయును.

ఈ రేకును త్రిప్పుటకు మోడల్ ఎ బండిలో రెండు సాధనములున్నవి. ఒకటి కాలి పెడల్. రెండవది స్టీరింగు చక్రము క్రింద కుడివైపున నుండు చేతి మీట. ఎడమవైపున నున్న మీట నిప్పురవ్వ పుట్టు సమయమును మార్చునది గాన, ఒకదానిని మఱొకటిగ భ్రమపడరాదు. పెడల్ నుండియు, చేతి మీట నుండియు వచ్చు కడ్డీలు తుదకు కార్బురేటరు ప్రక్కనున్న చిన్న మీటనే చేరును. కడ్డీ కొనలయందు గుండు కీళ్లుండును. మన భుజపు కీలువలె గుండొకటి గిన్నెలో నమరి, అన్ని దిక్కులకు తిరుగుచుండును.

అరుగుదల వలన కలుగు హాని

చాలకాలము తిరిగిన గుండు తన గుండ్రదనమును కోల్పోయి కోడిగ్రుడ్డు ఆకారము దాల్చును. అపుడు కీలులో వదులు పుట్టును. ఒక్కొక్క కీలులో అర మిల్లీమీటరు వదులున్నదనుకొనుడు. అట్టి కీళ్లు నాలుగైనచో మొత్తము రెండు మిల్లీమీటర్లు. కార్బురేటరు మీట పొడవు 40 మిల్లీమీటర్లైనచో, ఆ రెండు మిల్లీమీటర్లు సుమారు మూడు డిగ్రీలకు సమానము. పెడల్ కదలినను రేకు కదలదు; పిదప ఒక్కసారిగ కదలును. బండి కుదుపుతో బయలుదేరును.

ఇంతకంటె గొప్ప యపాయ మింకొకటి కలదు. వదులైన కీలు ఊడి కడ్డీ అడ్డుపడినచో, రేకు తెఱచుకొనియే నిలిచిపోవచ్చును. డ్రైవరు కాలు తీసినను యంత్రము పరుగెత్తుచునే యుండును. ముందు వీథి దాటు పిల్లలుండవచ్చును. కావుననే ఇనుప తీగతో కట్టి పని గడుపుకొనుట మరమ్మతు కాదు. చిన్న పామునైనను పెద్ద కఱ్ఱతో కొట్టవలెనని పెద్దలు చెప్పిన మాట యిచ్చట మిగుల తగియున్నది.

అమర్చు క్రమము

మొదట బండిని సమతలమున నిలిపి, చక్రములకు అడ్డు పెట్టి, యంత్రమును చల్లారనీయవలెను. బ్యాటరీ తీగను విప్పవలెను. ఈ బండిలో పెట్రోలు తొట్టి ముందరి అద్దమునకు ముందుగ, యంత్రముకంటె ఎత్తున నుండును; పెట్రోలు తన బరువుచేతనే దిగును. కావున దాని కుళాయిని మూయుట మఱువరాదు.

రెండవది, పాత కడ్డీని విప్పుటకు ముందే దాని గుండ్ల నడిమి దూరమును కొలిచి వ్రాసికొనవలెను.

మూడవది, కార్బురేటరు వద్ద కడ్డీని విప్పి, అచ్చటి మీటను వ్రేలితో కదల్చి చూడవలెను. అది పట్టినట్లు తోచినచో దోషము కడ్డీలో లేదు, రేకు ఇరుసులో నున్నది. అట్టి సందర్భమున క్రొత్త కడ్డీ వలన ప్రయోజనము లేదు. దోషమెచ్చటనో నిశ్చయించిన పిమ్మటనే భాగములను మార్చవలెను.

నాలుగవది, క్రొత్త గుండ్లు గిన్నెలలో సరిగ నమరునో లేదో చూచి, ఒక చుక్క నూనె వేయవలెను. చిక్కని గ్రీజు ధూళిని పట్టి యుంచును.

ఐదవది, చేతి మీటను పూర్తిగ పైకి నెట్టి, పెడల్‌ను వదలి, కార్బురేటరు మీటను దాని మూత హద్దున నిలుపవలెను. ఈ స్థితిలో కడ్డీ కొన బలవంతము లేకుండ గుండుపై కూర్చుండవలెను. కూర్చుండనిచో కొనను మరపై త్రిప్పి కడ్డీ పొడవును సరిచేయవలెను. అంగుళమునకు 28 చుట్లు గల మరయైనచో ఒక్క చుట్టునకు ఇంచుమించు 0.9 మిల్లీమీటరు మారును. పొడవు తప్పినచో రేకు పూర్తిగ మూసికొనకపోవచ్చును, లేక పూర్తిగ తెఱచుకొనకపోవచ్చును. పిదప బిగింపు నట్టును బిగించి, పిన్నులను వంచవలెను.

పరీక్ష

యంత్రము ఆపియున్నపుడే ఒకరు పెడల్‌ను తుదిదాక నొక్కవలెను; మఱొకరు రేకు మీట తన తెఱపు హద్దును చేరెనేమో చూడవలెను. కాలు తీసిన తక్షణమే స్ప్రింగు దానిని టక్కున మూయవలెను. ఇట్లు ఇరువది మారులు చేసి, ఒక్కమారు జాగు చేసినను కారణము వెదకవలెను. కడ్డీ వేడి గొట్టములకు తగులరాదు. నేలపై పఱచిన చాప పెడల్‌కు అడ్డుపడరాదు.

స్ప్రింగు ఎచ్చట లాగుచున్నదో గమనింపుడు. అది పెడల్ వద్ద మాత్రమే లాగునదైనచో, నడుమ కడ్డీ ఊడినపుడు రేకును మూయజాలదు. రేకు మీటనే లాగు స్ప్రింగు ఆ సమయమునను తన పని చేయును.

దారిలో రేకు తెఱచుకొని నిలిచిపోయినచో, క్లచ్చి పెడల్ నొక్కి, స్విచ్చి ఆర్పి, బ్రేకు వేసి బండిని ప్రక్కకు నిలుపవలెను. వంగి కడ్డీని లాగుటకు యత్నింపరాదు. కన్నులు దారిపైననే యుండవలెను.

నేటి కార్లలో పెక్కింటియందు ఈ కడ్డీలకు మాఱుగ విద్యుత్తీగలు కాలి యానతిని కొనిపోవుచున్నవి. సాధనము మాఱినను నియమము మాఱలేదు: కాలు తీసినపుడు గాలిద్వారము మూసికొని తీరవలెను.

ప్రశ్నలు

1. నాలుగు కీళ్లలో ఒక్కొక్కదాని వదులు పావు మిల్లీమీటరైనచో, 40 మిల్లీమీటర్ల మీట ఎన్ని డిగ్రీలు వృథాగ పోవును?
2. కడ్డీని కొలుచుటకు ముందే విప్పినచో కలుగు నష్టమేమి?
3. స్ప్రింగును రేకు మీటకే తగిలించుట యేల మేలు? పటము గీసి చూపుడు.