తోమకండి, ముందు చూడండి

చదువుకునే రోజుల్లో అంబర్‌పేటలో ఎవరో ఇంటి పునాదికి తవ్విపోసిన మట్టికుప్పలో నాకో లోహపు ముక్క దొరికింది. అరచెయ్యంత ఉంది, నిండా పచ్చటి చిలుము. ఏ రాజుగారి కత్తిపిడో అనుకుని, హాస్టల్ గదిలో చింతపండు పెట్టి తళతళలాడేలా తోమాను. తార్నాకలో టీ తాగుతూ నలుగురికీ చూపించి మురిసిపోయాను. చివరికి ఉస్మానియా క్యాంపస్‌లో పురావస్తువుల సంగతి తెలిసిన ఒక మాస్టారి ముందు పెట్టాను.

"ఎంత లోతులో దొరికింది?" అన్నారాయన. తెలీదన్నాను.

"దీనికి సాక్షులు ఇద్దరు నాయనా, మట్టీ చిలుమూ. ఒకదాన్ని అక్కడే వదిలేశావు, రెండోదాన్ని కడిగేశావు."

ఇలా తోమే అలవాటు మనకు వస్తువుల దగ్గరే ఆగదు. కొత్తగా చేరిన ఉద్యోగి ముభావంగా ఉంటే 'పొగరు' అంటాం. పిల్లాడికి ఒక పరీక్షలో మార్కులు తగ్గితే 'మొద్దు' అంటాం. పేరు పెట్టేశాక ఇక చూడటం మానేస్తాం.

పేరు పెట్టే తొందర లేకుండా చూసినవాళ్లూ ఉన్నారు. గోదావరి ఒడ్డున కోటిలింగాల అనే ఊరు ఉంది. అక్కడ దొరికే పాత నాణేలను పోస్ట్‌మాస్టర్ సంగనభట్ల నరహరి శర్మ ఓపిగ్గా పోగుచేశారు. వాటికి తానే ఒక కథ అల్లకుండా, శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రికి చూపించారు. శాస్త్రిగారు వాటి మీది బ్రాహ్మీ అక్షరాలు చదివితే శాతవాహన వంశ మూలపురుషుడు శిముకుని పేరు బయటపడింది. 1970ల చివర్లో తెలుగు నేల చరిత్రను మలుపు తిప్పింది ఆ ఓపికే.

మూడు అలవాట్లు చేసుకోండి.

కొలవండి. అయస్కాంతం పట్టుకుంటే ఇనుము కావచ్చు. లేదంటే తూచి, నీళ్లలో ముంచి పరిమాణం కట్టండి. ఘనపు సెంటీమీటరుకు రాగి 8.9 గ్రాములు తూగితే సీసం 11.3 తూగుతుంది. 'నాకు లెక్కలు రావు' అనే మాటనూ ఇలాగే కొలవండి. ఏ పాఠం రాదు? ఏ తరగతి నుంచి?

చోటు రాసుకోండి. వస్తువు ఎక్కడ, ఎంత లోతులో, దేని పక్కన దొరికిందో రాయండి. మనిషి కోపానికీ ఒక చోటు ఉంటుంది. ఆ కోపం ఏ పూట, దేని తర్వాత వచ్చిందో చూస్తే సగం చిక్కు విడిపోతుంది.

తెలిసినవాళ్లను అడగండి. భూమిలో దాగిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. మన చిక్కుల్ని కూడా టీకొట్టు దగ్గర కాక, ఆ విద్య తెలిసినవాళ్ల ముందు విప్పాలి.

మాస్టారు పనికిరాదని తిరిగిచ్చేసిన ఆ ముక్క ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది, కాగితాలు ఎగిరిపోకుండా. బాగా మెరుస్తుంది. తానెవరో మాత్రం చెప్పదు.