ముందు టైరు మీద తేదీ చూడు

చిరంజీవి అల్లుడికి,

మా నాయన బండిని షెడ్డులోంచి తీసి ఇంజను చేయించావని, దాని మీదే పూతలపట్టు నుంచి తిరుమల కొండకు వస్తానంటున్నావని అక్క ఫోనులో చెప్పింది. చాలా సంతోషమైంది. బ్యాటరీ, ప్లగ్గు, ఆయిలు అన్నీ మార్చావంట. టైర్లకు మాత్రం గ్రిప్పు నిండుగా ఉంది, మార్చే పని లేదన్నావంట. నా భయమంతా అక్కడే.

గ్రిప్పు తిరిగితేనే అరుగుతుంది. రబ్బరు తిరక్కపోయినా ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, మన ఎండ కలిసి దాన్ని బిరుసెక్కిస్తాయి. పగుళ్లు రాకుండా తయారీలోనే రబ్బరులో మైనం లాంటివి కలుపుతారు. టైరు తిరుగుతూ వంగుతూ ఉంటే అవి పైకొచ్చి పొరలా కాపాడతాయి. నాయన పోయినప్పటి నుంచి రేకుల కింద నిలబడిపోయిన బండికి ఆ కాపుదల ఎక్కడిది? గాలి దిగిపోయి ఒకేచోట బరువు మోసి ఉంటే మరీ చేటు.

టైరు పక్కన డాట్ అక్షరాల వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2314 అంటే 2014లో 23వ వారం తయారైందని. ఒకవైపు కనిపించకపోతే రెండోవైపు చూడు. వాడకంలో అయిదేళ్లు దాటితే ఏటా పరీక్ష చేయించాలని, తయారై పదేళ్లు నిండితే చూపుకు ఎంత బాగున్నా తీసేయాలని మిషెలిన్ టైర్ల కంపెనీ వాళ్లు చెబుతారు. మే నెలలో చంద్రగిరి మీదుగా కాలే తారు రోడ్డు మీద తిరిగే బండికి నేనైతే పదేళ్లు ఆగను, ఆరేడేళ్లకే మార్చేస్తాను. గాడుల అడుగున సన్నటి పగుళ్లు కనిపిస్తే తేదీ కూడా చూడక్కర్లేదు. నల్ల పాలిష్ కొట్టించి బాగైందనుకోవద్దు.

ముఖ్యంగా ముందు టైరు. వెనకది త్వరగా అరుగుతుంది కాబట్టి ఎప్పుడో ఒకసారి మారి ఉంటుంది. ముందుది తొందరగా అరగదు, బండితో వచ్చిందే ఇంకా ఉండొచ్చు. తిరుమల నుంచి దిగేది 1944లో తెరిచిన పాత ఘాటు రోడ్డులో. మలుపు మలుపుకీ బ్రేకు పడుతుంది, పడ్డప్పుడల్లా బరువు ముందు చక్రం మీదికే వస్తుంది. బిరుసెక్కిన రబ్బరు తడి రోడ్డును పట్టుకోదు. వెనక చక్రం జారితే కాస్త సర్దుకోవచ్చు, ముందుది జారితే ఆ వీలు దాదాపు ఉండదు.

కొత్తవి కొనేటప్పుడూ అంకెలు చూసే తీసుకో. ట్యూబులు కూడా మార్పించు, అవీ రబ్బరే. కొత్త టైరు పైన నున్నగా ఉంటుంది, మొదటి నూటయాభై కిలోమీటర్లు మెల్లగా పో.

రెండు టైర్లూ మారేదాకా ఆ బండి మీద కొండకు రావద్దు, బస్సులో రా. డబ్బు చాలకపోతే మొహమాటపడకుండా నాకు ఫోన్ చెయ్యి, పంపిస్తాను.

మీ మామ